ఆపరేషన్ వద్దనుకున్నాక

ఇంగ్లండ్‌లో ఎముకల వార్డులో నర్సుగా చేరిన కొత్తలో, తుంటి విరిగిన పెద్దవాళ్ళు వస్తే చేయాల్సింది నాకు ఒకటే తెలుసు: నొప్పి తగ్గించి, రక్త పరీక్షలు పంపి, థియేటర్‌కి సిద్ధం చేయడం. చేరిన రోజో మర్నాడో ఆపరేషన్ అయిపోవాలన్నది ఇక్కడి జాతీయ మార్గదర్శకం, 36 గంటలు దాటితే ఎందుకు దాటిందో రాసుకోవాలి. అలాంటిచోట ఒకరోజు రౌండ్స్‌లో డాక్టరు, తొంభై దాటిన ఒకావిడ మంచం దగ్గర ఆగి, "ఈవిడకి ఆపరేషన్ చేయట్లేదు" అన్నారు. అంటే వదిలేశారన్నమాట, అనుకున్నాను.

ఆవిడ కేర్ హోం నుంచి వచ్చారు. ఏడాదిగా నడక లేదు, మతిమరుపు బాగా ముదిరింది, గుండె బలహీనం, తిండి దాదాపు మానేశారు. మధ్యాహ్నం కూతురితో సర్జన్ ఏమీ దాచకుండా మాట్లాడారు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి బలహీనుల మీదే చేసిన అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది. ఆపరేషన్ వద్దనుకున్న 88 మందిలో 83 శాతం నెలలోపే పోయారు, చేయించుకున్న 84 మందిలో పోయింది 25 శాతం. ఇంతవరకే వింటే ఎవరైనా చేయించమనే అంటారు. కానీ మిగిలిన రోజులు ఎలా గడిచాయన్న లెక్కలో వద్దనుకున్నవాళ్ళేమీ వెనకబడలేదు. కూతురు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నొప్పి లేకుండా చూడండి చాలు" అంది.

ఆ చాలు అన్నదే అసలు పని అని ఆ వారం తెలిసింది. పూర్వంలా కాలికి బరువులు కట్టి వారాల తరబడి పడుకోబెట్టడం లేదిప్పుడు, దాంతో వచ్చేది న్యుమోనియా, పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డలు. గజ్జల దగ్గర నరం చుట్టూ మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు. పక్కకి తిప్పే ప్రతిసారీ అరగంట ముందు మార్ఫిన్, మోకాళ్ళ మధ్య దిండు, ముగ్గురం కలిసి ఒక్క కదలికలో తిప్పడం. కేరళ అమ్మాయి భుజం దగ్గర, ఫిలిప్పీన్స్ అతను నడుం దగ్గర, విరిగిన కాలు దగ్గర నేను. వన్ టూ త్రీ ఇంగ్లీషులోనే, లోపల ఎవరి దేవుణ్ణి వాళ్ళం తలుచుకుంటూ. మొదటిసారి నా అరచేతి కింద ఎముక గరుక్కుమన్నట్టు తెలిసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇక్కడి పెద్దవాళ్ళ నొప్పి భాష కూడా వేరు. సున్నా నుంచి పదిలో ఎంత అంటే, మొహం పాలిపోయి ఉన్నా, "కాస్త సలుపు అంతే, డియర్" అంటారు. ఆ కాస్తకి ఎంత అర్థముందో పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది, ఏ ఇంగ్లీషు పరీక్షలోనూ అది అడగలేదు మరి. ఈవిడ అదీ చెప్పలేరు. అందుకని నుదురు చూసేదాన్ని, మంచం రెయిలింగ్ మీద ఆవిడ చెయ్యి చూసేదాన్ని.

అన్ని కేసులూ ఇలా ఉండవు. అదే నెలలో ఒకాయన తన కాళ్ళ మీద నడుచుకుంటూనే వచ్చారు, తొడ ఎముక మెడ విరిగినా ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి కదలకుండా ఉన్నాయి. ఆయనకీ ముందు ఆపరేషన్ వద్దన్నారు గానీ పడుకోబెట్టలేదు, వాకర్ ఇచ్చి నడిపించారు. వారానికి మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఎముక జారింది. సగం కీలు మార్చారు. ముందు వద్దంటే ఎప్పటికీ వద్దని కాదు, ఈ తేడా ఇంట్లోవాళ్ళకి మొదటిరోజే చెప్పాలి, చాలాచోట్ల చెప్పరు.

ఐదో రోజు సాయంత్రం తిప్పినప్పుడు ఆవిడ చెయ్యి రెయిలింగ్‌ని పట్టుకోలేదు, ఊరికే దుప్పటి మీద ఉండిపోయింది. కేరళ అమ్మాయి నావైపు చూసింది. తడి స్పాంజితో పెదాలు తుడిస్తే చప్పరించారు కూడా.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున పోయారు. కూతురు పక్కనే కుర్చీలో నిద్రపోతోంది, లేపింది నేనే.