నోరు విప్పని ఇంజినీరు దగ్గర సమాచారం రాబట్టాను

నేను టెక్నికల్ రైటర్‌ని. మా ఏపీఐ (వేరే ప్రోగ్రాములు మా సర్వర్‌తో మాట్లాడే దారి) గురించి రాస్తాను. ఇంత టైమ్‌లో ఇన్ని రిక్వెస్టులే పంపాలన్న హద్దు, అంటే రేట్ లిమిట్ మీద రాసిన పేజీ నిన్ననే రివ్యూ దాటింది. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

స్పెక్ చదవడం, జిరా టికెట్లు తిరగేయడం, పోస్ట్‌మన్ అనే టూల్‌లో ఎండ్‌పాయింట్లు (ఏపీఐ అడ్రస్‌లు) కొట్టి చూడటం, ఇవన్నీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. ఆగిపోయిందల్లా 429 దగ్గరే, అంటే లిమిట్ దాటితే సర్వర్ తిప్పి పంపే కోడ్ దగ్గర. ఏపీఐ వివరాలుండే స్వాగర్ ఫైల్లో ఆ కోడ్ పక్కన వివరణ అంటూ ఉన్నది "ఎర్రర్" అన్న ఒక్క మాట. లిమిట్ ఏపీఐ కీకా (ఏపీఐ వాడటానికిచ్చే పాస్‌వర్డ్ లాంటిది), అకౌంటుకా, ఐపీ అడ్రస్‌కా? దాటితే ఎంతసేపు ఆగాలి? 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6585 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఈ కోడ్‌ని నిర్వచించింది గానీ, యూజర్‌ని ఎలా గుర్తించాలి, రిక్వెస్టులు ఎలా లెక్కపెట్టాలి అన్నది సర్వర్ వాళ్లకే వదిలేసింది. అంటే మా సర్వర్ ప్రోగ్రామ్ రాసిన ఇంజినీరు చెప్తే తప్ప ఇంకెక్కడా దొరకదు.

మెసేజ్ పెడితే చూసి వదిలేశాడు. కాల్‌లో అడిగితే అందరి ముందు, "కోడ్‌లో ఉంది కదండీ, చదువుకోండి. టెక్నికల్ రైటర్ అన్నాక ఆ మాత్రం తెలియాలి కదా" అన్నాడు. ఎవరో నవ్వారు. మా మేనేజర్ కిమ్మనలేదు. నేను అడిగింది నా కోసమా? ఆ పేజీ సరిగ్గా లేకపోతే కస్టమర్ సపోర్టుకి రాస్తాడు, సపోర్ట్ వాళ్లు మళ్లీ ఇతని దగ్గరికే వస్తారు. తెలిసిన విషయం రెండు నిమిషాలు చెప్పడానికి మనసొప్పని వాళ్లని ఎంత తెలివైనవాళ్లయినా నేను గౌరవించలేను.

ఆ తర్వాత ప్రశ్నలు అడగడం మానేశా. స్టేజింగ్‌లో, అంటే టెస్టింగ్ సర్వర్లో, రిక్వెస్టులు పంపే కర్ల్ కమాండ్‌ని లూప్‌లో పెట్టి 429 వచ్చేదాకా కొట్టా. నా దగ్గరున్న ఒక్క కీతో కనిపించింది కనిపించినట్టు, "లిమిట్ ఏపీఐ కీ వారీగా లెక్కిస్తారు" అని డ్రాఫ్ట్ రాసి, పుల్ రిక్వెస్ట్ (మార్పుని చూసి చేర్చమని అడగడం) పెట్టి అతన్ని రివ్యూయర్‌గా చేర్చా. మెసేజ్‌కి పలకని మనిషి గంటలోపే కామెంట్ రాశాడు: "తప్పు. అకౌంట్ వారీగా. ఎన్ని కీలున్నా కలిపే లెక్క. విండోలో మిగిలిన సెకన్లే రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో వస్తాయి." లెక్క దేని వారీగా, దాటితే ఎంతసేపు ఆగాలో సర్వర్ జవాబులో ఎక్కడ వస్తుంది, నాకు కావలసిందంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది.

కాబట్టి కొత్తగా వచ్చిన రైటర్లకి చెప్పేదేంటంటే, ఖాళీ ప్రశ్నతో వెళ్లకండి, టెస్ట్ చేసి రాసిన వాక్యంతో వెళ్లండి. వివరించడానికి బద్ధకించేవాళ్లు కూడా తప్పు కనబడితే ఊరుకోలేరు. టెస్టింగ్ వాళ్ల టెస్ట్ కేసులు అడిగి తీసుకోండి, ఏది ఎక్కడ ఫెయిలవుతుందో అన్నీ అందులోనే ఉంటాయి. కస్టమర్లు ఎక్కడ ఇరుక్కుంటున్నారో సపోర్ట్ వాళ్లు విసుక్కోకుండా చెప్తారు. ప్రొడక్ట్ మేనేజర్ల దగ్గర మాత్రం టైమ్ పోగొట్టుకోకండి, నాకైతే స్లైడ్లు తప్ప ఏమీ దొరకలేదు.

సపోర్ట్ టీమ్ అప్పుడే ఈ పేజీ లింకుని తమ రెడీమేడ్ జవాబులో పెట్టుకుంది, గర్వంగానే ఉంది. ఫెయిలైన రిక్వెస్టులు కూడా లెక్కలోకి వస్తాయా అన్నది ఒక్కటే మిగిలింది. నా టెస్టులో వచ్చినట్టే కనిపించింది, అదే రాసి ఇందాకే అతని రివ్యూకి పంపా.