బూజు పట్టని షవర్ మూల కోసం

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటే గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది, వానాకాలమైతే ఇక చెప్పక్కర్లేదు. మా పాత బాత్రూమ్‌లో షవర్ కింద టైల్స్ సందులన్నీ నల్లగా బూజు పట్టేవి, అమ్మ మోకాళ్ల నొప్పితోనే బ్లీచింగ్ వేసి రుద్దినా పది రోజుల్లో మళ్లీ వచ్చేది. అది చూడలేకే మొత్తం పగలగొట్టించి కొత్తగా కట్టించాం.

బూజుకి తడి కావాలి, తిండికి సబ్బు జిడ్డు చాలు. కాబట్టి నీళ్లు నిలవకూడదు. మేస్త్రీతో ముందే వాటం గురించి గట్టిగా మాట్లాడాను, మీటరుకి 15 నుంచి 20 మిల్లీమీటర్లు, నీళ్లు బయటికి పోయే జాలీ వైపు వాలు ఉండాలని. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించి, అది పూర్తిగా ఆరాక జాలీ మూసేసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది ఇంటివాళ్ల సీలింగ్ చూసి వచ్చాం. ఈ ఒక్క పని మాత్రం దయచేసి మానకండి, తర్వాత కారితే టైల్స్ అన్నీ మళ్లీ పీకాలి.

సందులకు తెల్ల సిమెంట్ వద్దన్నాను, అది నీళ్లు పీలుస్తుంది. ఎపాక్సీ గ్రౌట్ (సందులు నింపే రెసిన్ ముద్ద) ఖరీదెక్కువే, కానీ నీళ్లు దాదాపు పీల్చదు. గోడలకు పెద్ద టైల్స్ తీసుకుంటే సందులే తగ్గుతాయి. సబ్బు పెట్టే గూటికి కూడా కాస్త బయటికి వాలు ఇప్పించాను.

ఇంక ఎగ్జాస్ట్ ఫ్యాన్. స్నానం అయ్యాక ఇరవై నిమిషాలైనా తిరగాలి, తలుపు కింద కాస్త సందు ఉంటేనే బయటి గాలి లోపలికి వచ్చి తేమని తోసుకుపోతుంది. వైపర్ షవర్ పక్కనే తగిలించాం, చివర స్నానం చేసినవాళ్లే గోడ, నేల లాగేయాలి.