వడ్డిస్తూ మింగేసిన జవాబు

"మైసూరు ప్యాలెస్ చూసొచ్చాక మన విజయనగరం కోట లాంటివేం కోటలమ్మా! మన వైపు రాజులు తెల్లోళ్ళకి సలాములు కొట్టి బతికినోళ్ళే కదా." మధ్యాహ్నం భోజనాల దగ్గర బావగారన్న మాట ఇది. నా చేతిలో పులుసు గరిటె. ఈయన కంచంలోకి చూస్తూ కూర్చున్నారు, ఆ చూపు మీకు తెలిసిందే. అత్తయ్య నవ్వేశారు. ఇంకో గరిటె పులుసు పోసి ఊరుకున్నాను గానీ, అప్పట్నుంచీ గొంతులో చేపముల్లులా అదే మాట.

మైసూరు గొప్పదే, కాదనను. పాత కొయ్య ప్యాలెస్ 1897లో రాకుమారి పెళ్ళి సంబరాల్లో కాలిపోతే, హెన్రీ ఇర్విన్ అనే ఇంగ్లీషాయన చేత నమూనా గీయించి 1912కల్లా మళ్ళీ లేపారు. దాదాపు లక్ష బల్బులు ఒక్కసారి వెలిగే వీడియో పిల్లలు చూపిస్తే నాకూ కళ్ళు చెదిరాయి. కానీ సలాముల లెక్కే తియ్యాలంటే, 1799లో టిప్పు పోయాక ఆ మైసూరు ఒడయార్ రాజుల్ని గద్దె మీద కూర్చోబెట్టిందెవరు? కంపెనీవాళ్ళే. 1831లో పాలన లాక్కుని యాభై ఏళ్ళు తమ గుప్పిట్లో పెట్టుకున్నదీ తెల్లవాళ్ళే. ఆ సంగతి దీపాల వెలుగులో ఎవరికీ గుర్తు రాదు.

మన విశాఖకి ఇంత దగ్గర్లో పద్మనాభం ఉంది. పేష్కష్ (కప్పం) బకాయిలు కట్టు, సంస్థానం వదిలి పో అని కంపెనీ హుకుం పంపితే, విజయనగరం చిన విజయరామరాజు పోనన్నాడు. 1794 జులై 10 తెల్లవారుజామున ప్రెండర్‌గాస్ట్ దొర దండు మీద పడింది. యుద్ధం గంట కూడా సాగలేదు. రాజు పడిపోయాడు, ఆయనతోపాటు సర్దారులూ పడిపోయారు. సమాధి అక్కడే ఉంది. బావగారు విశాఖలోనే పుట్టి పెరిగారు, ఒక్కసారి అటు వెళ్ళి ఉంటారా?

ఉదయం కూడా అంతే. బీచ్ రోడ్డులో కారాపి, హవా మహల్ ముందు ఫోటో దిగి, "ఎవరిదో పాత బంగళా" అన్నారు. ఆ ఎవరో ఒడిశా వైపు జయపురం మహారాజులు. విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఆంధ్రా యూనివర్సిటీకి ఇచ్చాడు కాబట్టే సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టారు. మా నాన్న చదివింది అందులోనే. నాన్న పోయాక ఆ పేరు వింటే నాకు ఒంట్లో ఏదో అవుతుంది, అది బావగారికి ఎలా తెలుస్తుందిలే.

అమ్మమ్మ ఉంటే ఊరుకునేది కాదు. పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను జాతరకి మమ్మల్ని విజయనగరం తీసుకెళ్ళేది, దసరా వెళ్ళిన మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా జనంలో తొక్కుకుంటూ వెళ్ళి, కోటగోడ పక్కన చోటు పట్టేది. నా చేతిలో అరటిపండు పెట్టి, "ఒలే గుంటా, మాను వచ్చినప్పుడు ఇసురు, ముందే తినీకు" అనేది. కోట బురుజు మీద రాజుగారి కుటుంబం కూర్చుని చూస్తుంటే అందరూ అటే తలెత్తేవాళ్ళు. అమ్మమ్మ మాత్రం గోడకి అరచెయ్యి ఆనించి దండం పెట్టుకునేది. దేవుడి గోడా అని అడిగితే, "ఆ పిల్ల తిరిగిన గోడే" అంది. ఆ పిల్లంటే పైడితల్లి, ఆ జాతర జరిగే అమ్మవారు, విజయనగరం రాజు పెద విజయరామరాజు చెల్లెలు. బొబ్బిలి మీదకి వెళ్ళొద్దని అన్నని బతిమాలిందని చెబుతారు. వినలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటపెట్టుకుని వెళ్ళాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మంటల్లో పోయింది, ఆయనా డేరాలో తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. "తప్పు మనోళ్ళదేనే, ఆడకూతురి మాట ఇన్నేదు" అనేది అమ్మమ్మ, సొంత తమ్ముణ్ణి తిడుతున్నట్టు.

ఇదంతా టైపు చేస్తుంటే నా వాదనే నాకు అడ్డొస్తోంది. పరాయి ఫిరంగుల్ని తెచ్చుకున్న ఇల్లు కదా అది. పద్మనాభం తర్వాత మిగిలింది జమీందారీయే, దర్బారుల్లో సలాములూ ఉండే ఉంటాయి. బావగారి మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. ఆయన చెప్పిన తీరే కాలింది నాకు.

పోనీ, విజయనగరం కోటని చూస్తే? 1713లో పునాది పడ్డ కోట అది. పి.వి.జి. రాజుగారు 1958లో మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టి, కోటని చదువులకి ఇచ్చేశారు. లోపల కాలేజీలున్నాయి, రాణులు తిరిగిన చోట ఆడపిల్లలు పుస్తకాల సంచులతో తిరుగుతున్నారు. టికెట్టు కొని చూసే బంగారు సింహాసనం కన్నా నాకు ఇదే ఎక్కువ. అలాగని పెచ్చులూడే గోడల్ని సమర్థించను. కాలి బూడిదైన ప్యాలెస్‌ని మైసూరువాళ్ళు పదిహేనేళ్ళలో నిలబెట్టుకున్నారు. మనం నిలబడి ఉన్న వాటికి సున్నం వెయ్యడానికి కూడా మీనమేషాలు లెక్కపెడతాం. అసలు నా కోపం దీని మీదేనేమో, మధ్యలో బావగారు దొరికారు.

ఈ ఆదివారం బుజ్జిగాణ్ణి పద్మనాభం తీసుకెళ్తాను. కొండకి వెయ్యికి పైగా మెట్లు, అత్తయ్య మోకాళ్ళతో కాదు. కింద కుంతీమాధవస్వామి గుడిలో కూర్చుంటారట, ఇందాకే అడిగాను. పులిహోర నేను చెయ్యను, ఈయన్నే కలపమంటాను.