జీనత్, మా బాబాయి

ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో పులులన్నీ దగ్గరి చుట్టాలైపోయి, చారలు కలిసిపోయిన నల్లటి కూనలు పుడుతున్నాయని, కొత్త రక్తం కోసం 2024లో మహారాష్ట్రలోని మా తాడోబా అడవి నుంచి జమున అనే ఆడపులిని, తర్వాత జీనత్ అనే ఇంకో ఆడపులిని అక్కడికి పంపారు. జీనత్ ఊరుకుందా? అడవి దాటి జార్ఖండ్, అక్కణ్నుంచి బెంగాల్. చివరికి డిసెంబరు 29న బాంకురాలో మత్తిచ్చి పట్టుకున్నారు.

మొన్న బల్లార్షాలో మా బాబాయి రిటైర్మెంట్ భోజనాల దగ్గర ఈ మాటే వచ్చింది. ఆయన ఫారెస్ట్ గార్డుగా చేరి రేంజర్‌గా దిగాడు. "పులిని పంపడం ఒక్క రాత్రి పని రా. అది అక్కడ నిలిచేలా చూడాలంటే ఎన్నాళ్లు వెనక తిరగాలో!" అన్నాడు.

నాకు మాత్రం పిన్ని చెప్పిందే మనసులో ఉండిపోయింది. ఎండాకాలం వస్తే ఆమెకు నిద్ర ఉండేది కాదట. ఇప్పపువ్వు ఏరడానికో, తునికాకు కోయడానికో తెల్లారకముందే అడవికెళ్లిన మనిషి మీద పులి పడితే, ఊరంతా ముందు చుట్టుముట్టేది బాబాయినే. శవం దగ్గర నిలబడి ఆ తిట్లన్నీ ఆయనే పడాలి. మర్నాడు మళ్లీ అదే ఊళ్లో పులి జాడ పట్టే కెమెరాలు కట్టడానికి మనుషుల్ని అడగాలి. సిమిలిపాల్‌లోనేమో పులి చాలదు, మా చంద్రపూర్‌లో పులికి చోటు చాలదు. జీనత్ ఫొటోకి లైకులు కొట్టేవాళ్లలో ఫారెస్ట్ గార్డు జీతమెంతో తెలిసినవాళ్లు ఎందరో!