వంటింటి గట్టు మిగిల్చిన రెండు రాళ్ళు

మొన్న విశాఖ మధురవాడలో మా వంటింటి గట్టు మార్పించాం. నాకు నలుపు ఇష్టం, మా ఆయనకి బూడిద రంగు. చివరికి పొయ్యి వైపు నలుపు, సింకు వైపు బూడిద అని రాజీపడ్డాం. పలకలు మూడో అంతస్తుకి మోసిన కుర్రాడు "సైజు ఒకటేనండీ, నల్లదే నడుం విరగ్గొడతంది" అన్నాడు. కోతలో మిగిలిన ఆరంగుళాల ముక్కలు రెండూ తెచ్చి, కేకు పిండి తూచే కాటా మీద పెట్టాను. బూడిదది 1,105 గ్రాములు. నల్లది 1,240.

డిగ్రీలో జియాలజీ చదివి, తర్వాత పోపులపెట్టెలో పడిపోయిన దాన్ని. ఆ అంకెలు చూడగానే పాత పాఠం గుర్తొచ్చింది. షాపులో రెండిటినీ గ్రానైట్ అనే అమ్ముతారు గానీ, మా చీమకుర్తి నల్లరాయి నిజానికి గాబ్రో అనే బరువైన రాతి జాతిది. సముద్రం అడుగున ఉండే పటలం (భూమి పైపొర) కూడా ఈ జాతే: పైన బసాల్ట్ అనే గడ్డకట్టిన లావా రాయి, కింద గాబ్రో. (చీమకుర్తిది సముద్రంలో పుట్టిన రాయి కాదు. ఖండం లోపలే గడ్డకట్టింది, కూర్పు మాత్రం దగ్గర.) ఖండాల పటలం మా ఆయన బూడిద రాయి, అంటే గ్రానైట్ వైపు మొగ్గుతుంది. తేలిక.

తేలికే కాదు, మందం కూడా. సముద్ర పటలం సుమారు 7 కిలోమీటర్లు. ఖండాలది సగటున 35 నుంచి 40, అంటే ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్ళే దారి కన్నా ఎక్కువ లోతు. మందంగా, తేలిగ్గా ఉన్నది మాంటిల్ (పటలం కింద ఉండే వేడి రాతి పొర) మీద ఎత్తుగా తేలుతుంది. పల్చగా, బరువుగా ఉన్నది కిందికి దిగి కూర్చుంటుంది. ఆ పల్లంలోకే నీళ్ళు చేరాయి.

వయసులో తేడా ఇంకా విచిత్రం. కైలాసగిరి మీద గోమేధికాలు మెరిసే ఖోండలైట్ రాయి ఒకప్పటి బురద. భూమి లోపల చాలా లోతుకి వెళ్ళి, ఉడికి, దాదాపు వంద కోట్ల ఏళ్ళ కింద ఇలా మారింది. ఎదురుగా ఉన్న బంగాళాఖాతం అడుగు మాత్రం నిన్నగాక మొన్నటిది: మన తీరం అంటార్కిటికా నుంచి విడిపోయాక, సుమారు 13 కోట్ల ఏళ్ళ నుంచి పుడుతూ వచ్చింది. చల్లారే కొద్దీ బరువెక్కి, అటు అండమాన్, సుమత్రా వైపు మాంటిల్లోకి దూరిపోతోంది. 2004 సునామీ ఆ అంచున పుట్టిందే. ఖండం రాయి అలా సులువుగా మునగదు, అందుకే ముసలిదయ్యే దాకా మిగులుతుంది.

ఇదంతా రాత్రి డాబా మీద మా ఆయనకి చెప్పాను. "అయితే నీళ్ళు మొదలైన చోటే నీ నల్లరాయి మొదలవుతుందా?" అన్నారు. కాదు. ఖండం నీళ్ళ కింద ఇంకా కొన్ని పదుల కిలోమీటర్లు సాగుతుంది. పోర్టులోకి వెళ్ళడానికి లైట్లేసుకుని ఎదురుచూసే ఓడలన్నీ ఇంకా ఆయన రాయి మీదే ఉన్నాయి.