థోర్‌కి రొట్టె పెట్టినవాళ్ళ కోసం

హుండోర్ప్‌లో మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నార్వేలో ఓస్లో నుంచి ట్రోండ్‌హైమ్ దాకా 643 కిలోమీటర్లు సాగే పునీత ఓలావ్ యాత్రామార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. మొత్తం నడవడానికి సెలవులు చాలక, ఇక్కడి నుంచి మొదలుపెట్టాను.

1021లో నార్వే రాజు ఓలావ్, జనాన్ని క్రైస్తవంలోకి మార్చడానికి సైన్యంతో ఇక్కడికి వచ్చాడు. ఈ లోయ పెద్ద గుడ్‌బ్రాండ్, అతని మనుషులు తమ దేవుడు థోర్ విగ్రహాన్ని సభలోకి మోసుకొచ్చారట. ‘‘మా దేవుడు అదిగో వస్తున్నాడు, చూడండి’’ అంటూ రాజు ఉదయిస్తున్న సూర్యుణ్ని చూపించాడు. అందరూ అటు తిరగగానే రాజు మనిషి ఒకడు దుడ్డుకర్రతో విగ్రహాన్ని పగలగొట్టాడు. నైవేద్యం పెట్టిన రొట్టెలు తిని బలిసిన ఎలుకలు, పాములు అందులోంచి బయటికొచ్చాయని సాగాలు, అంటే ఆ కాలపు రాజుల గురించి రాసిన పాత కథలు, చెబుతాయి. ఆ తర్వాత అందరూ జ్ఞానస్నానం తీసుకున్నారు.

చిన్నప్పుడు సత్యోపదేశం క్లాసులో ఈ కథ వింటే చప్పట్లు కొట్టేవాణ్నేమో. అక్కడ నిలబడితే మాత్రం నాకు ఆ రొట్టెలు పెట్టిన చేతులే గుర్తొచ్చాయి. గుణదల కొండ మీద మాత ముందు కొవ్వొత్తి వెలిగించే అమ్మ చేతులు కూడా.

దారి పొడవునా రాతి గుర్తులుంటాయి. నిదరోస్ (ట్రోండ్‌హైమ్ పాత పేరు) ఇంకా ఎన్ని కిలోమీటర్లో వాటి మీద చెక్కి ఉంటుంది. దోవ్రె కొండల మీద ముసురు పట్టిన రోజున, ఒక రాయి మీది నాచు తుడిచి అంకె చదివి, తడి సాక్సులు పిండుకుని మళ్ళీ నడిచాను. మనసంతా ఒకటే ఆలోచన. 1024లో మోస్టర్ సభలో బిషప్ గ్రిమ్‌కెల్‌తో కలిసి క్రైస్తవాన్ని చట్టం చేసిందీ ఈ రాజే. ఏటా ఒక బానిసను విడిపించాలని ఆ చట్టాల్లో ఉంది. కత్తి చూపించి లొంగదీసినవాడే దాన్నీ రాయించాడు. ఈ రెండూ నాకు ఎంతకీ కలవలేదు.

చివరికి 1030లో స్టిక్లెస్టాడ్ దగ్గర సొంత దేశపు రైతులూ నాయకులే అతన్ని చంపారు. పొడిచినవాళ్ళలో ఒకడైన థోరిర్ హుండ్ చేతి గాయం రాజు రక్తం తగిలి మానిందని, అతనే ముందుగా రాజు పవిత్రుడని చెప్పాడని సాగా కథనం. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే మృతదేహాన్ని వెలికి తీశారు, బిషప్ పునీతుడిగా ప్రకటించాడు. బతికుండగా బలవంతపెట్టినా లొంగనివాళ్ళు, చనిపోయాక ఆయన సమాధి దగ్గరికి వాళ్ళంతట వాళ్ళే నడిచొచ్చారు. నన్ను కదిలించింది ఇదే.

ఫెగిన్స్‌బ్రెక్కా గుట్ట మీద నుంచి ట్రోండ్‌హైమ్ కేథడ్రల్ గోపురం కనిపించగానే, పాత యాత్రికుల్లాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. లోపల ఓలావ్ అవశేషాలుంచిన పేటిక లేదు. 1537లో మతసంస్కరణ వచ్చాక దాన్ని డెన్మార్క్‌కి తీసుకుపోయి కరిగించేశారు. ఖాళీ చోటు ముందే జపమాల చెప్పుకున్నాను.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

‘‘ఏం వేడుకున్నావురా?’’ అంది.

‘‘థోర్‌కి రొట్టె పెట్టినవాళ్ళ కోసం అడిగానమ్మా.’’

కథంతా విని కాసేపు మాట్లాడలేదు. ‘‘సరే, రాత్రికి నేనూ వాళ్ళ పేరు మీద ఒక జపమాల చెబుతాలే’’ అంది.