నా చెవిలో కణితి అనుకున్నది మెదడుకు వెళ్లే ధమని: నా అనుభవం

కుడి చెవిలో నాడి కొట్టుకుంటున్నట్టు చప్పుడు వస్తోందంటే ఎవరైనా ముందు బీపీ చూపించుకోమంటారు, నాకూ అదే చెప్పారు, చూస్తే బీపీ మామూలుగానే ఉంది. పగలు పనిలో పడితే పెద్దగా తెలిసేది కాదు గానీ, రాత్రి ఆ చెవి దిండుకు ఆనిందంటే చాలు, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే చప్పుడూ అంతే వేగంగా ధక్ ధక్‌మని, నిద్ర పట్టనిచ్చేది కాదు.

మా ఊళ్లో ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, కర్ణభేరి వెనక ఎర్రగా ఏదో ఉంది, గ్లోమస్ అనే కణితి కావచ్చు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం అన్నారు. కణితి అన్న మాటతో ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. మా అన్నయ్య మాత్రం పట్టుబట్టి హైదరాబాద్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ చెవిలో ఎండోస్కోపు పెట్టి, తెర నాకూ కనపడేలా తిప్పి, "మీ మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ఇది చూడండమ్మా" అన్నారు. కర్ణభేరి కింది భాగంలో గులాబీ ఎరుపులో ఒక ఉబ్బు, నా వేళ్ల కింద నాడి కొట్టినప్పుడల్లా అదీ కదులుతోంది! తర్వాత మెడ మీద సిరను మెల్లగా నొక్కి చప్పుడు తగ్గిందా అని అడిగారు. తగ్గలేదు. సిర వల్ల వచ్చే చప్పుడైతే చాలామందికి అలా నొక్కితే తగ్గుతుందట. "స్కాన్ చూడకుండా ఈ చెవిని ఎవరూ ముట్టుకోకూడదు" అని అక్కడికక్కడే హెచ్‌ఆర్‌సీటీ టెంపోరల్ బోన్, అంటే చెవి చుట్టూ ఉండే ఎముకను వివరంగా చూపే సీటీ స్కాన్, రాశారు.

స్కాన్‌లో అసలు సంగతి తేలింది. మెదడుకు రక్తం తీసుకెళ్లే అంతర్గత కరోటిడ్ ధమని మామూలుగా పుర్రె అడుగున ఉన్న ఎముక కాలువలోంచి, చెవికి ముందు పక్కగా పైకెళ్తుంది, దానికీ మధ్య చెవికీ నడుమ ఎముక గోడ ఉంటుంది. నాకు కడుపులో ఉన్నప్పుడే ఆ ధమనిలో కొంత భాగం సరిగా ఏర్పడలేదు. మెయిన్ రోడ్డు మూసేస్తే బండ్లన్నీ పక్క సందులోకి మళ్లినట్టు, మధ్య చెవిలో ఉండే సన్నటి రక్తనాళాలే వెడల్పై ఆ రక్తాన్నంతా మోస్తూ, మళ్లీ పైన అసలు ధమనిలో కలిశాయి. రెండు చెవులూ పక్కపక్కన పెట్టి చూపించారు, ఎడమవైపు నిలువు కాలువ స్పష్టంగా ఉంది, కుడివైపు అది ఉండాల్సిన చోట లేదు.

ముక్క తీయబోయింది దీన్నుంచే అన్నమాట. తీసి ఉంటే రక్తం ధారగా పోయేది, పక్షవాతం కూడా రావచ్చట. అది విన్నాక అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు.

ఆపరేషన్ ఏమీ అక్కర్లేదన్నారు, దాన్ని అలా వదిలేయడమే మంచిదట. అప్పుడప్పుడు వినికిడి పరీక్ష చేయించుకోవాలి. చప్పుడు ఇప్పటికీ ఉంది, ఫ్యాను వేసుకుంటే ఆ హోరులో కలిసిపోతుంది, భయం పోయాక నిద్రా పడుతోంది.

కర్ణభేరి వెనక ఎర్రగా, నాడిలా కొట్టుకుంటూ ఏదైనా ఉందని మీకు చెబితే, ముక్క పరీక్షకు గానీ కర్ణభేరికి గాటు పెట్టడానికి గానీ ఒప్పుకునే ముందు స్కాన్ తీయించమని గట్టిగా అడగండి. నేనైతే రిపోర్టు ఫొటో ఫోన్లో పెట్టుకున్నాను, సీడీ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పాను, జలుబుకు వెళ్లినా సరే, చెవి చూడబోయే ప్రతి డాక్టరుకూ ముందు ఆ ఫొటోనే చూపిస్తున్నాను.